పిల్లలకు చాపకూడు

తాతయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏటా మన వీధి పిల్లలకు నువ్వు చెప్పే చాపకూడు కథ ఈసారి నేను చెప్పాను. ఒకప్పుడు పల్నాట్లో అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారంటే పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. నీలాగే చాప పరిచి, జొన్నన్నం, గోంగూర పచ్చడి వడ్డించబోయాను.

ఈ ఏడే మన వీధికొచ్చిన మేరీ చాప మీద కూర్చోగానే, రెండో తరగతి చదివే లక్ష్మి లేచి నిలబడింది. "అక్కా, మేరీ పక్కన కూకోవద్దంది మా నాయనమ్మ. నాకు డబ్బాలో పెట్టియ్యి, ఇంటికాడ తింటా."

"ఏమే, ఇందాక కథ విన్లేదా?"

"విన్నా. చానా బాగుంది. అదప్పుడు గదా అక్కా!"

ఒకరి వెనక ఒకరు లేచారు. అందరికీ డబ్బాల్లో సర్దింది నేనే, తాతయ్యా. చాప మీద ఒంటరిగా మిగిలిన మేరీ చివరికి, "నాక్కూడా కట్టియ్యక్కా, పోతా," అంది.

కట్టిచ్చాను.