క్రెడిట్ కార్డులకు ఉద్వాసన

కనాటా. మంగళవారం రాత్రి.

ఈ గృహస్థు ఇల్లు ఈ గృహస్థుకే మిగిలిందని ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకుంటున్నాను. దివాలా చట్టం కింద అప్పుల పరిష్కారం చూసే ట్రస్టీ ఆఫీసులో ఈ రోజు సంతకాలు పెట్టాం. కార్డుల అప్పులో ఇకపై మాకు సాధ్యమైనంతే తీరుస్తాం. అలా మిగిలే జీతం ఇంటి లోను బకాయికి వెళ్తుంది. ఈ ఏర్పాటు చూసి, ఇల్లు అమ్మేస్తామన్న నోటీసును బ్యాంకు వెనక్కి తీసుకుంది.

ట్రస్టీ కత్తెర తీసి కార్డులు అడిగాడు. ప్రతి కార్డు మీదా ఎండిన కుంకుమ బొట్టు ఉంది. కార్డు వచ్చిన రోజే లక్ష్మీదేవి ముందు పెట్టి పూజించడం మా ఇంటి ఆచారం.

"ఏవండీ, పూజ చేసినవి! ఉద్వాసన చెప్పకుండానే కోసేస్తాడా? ఒక్క నిమిషం ఆగమనండి," అంది పద్మ.

చిన్న ప్రక్రియ ఒకటి మిగిలి ఉందని ట్రస్టీకి విన్నవించాను. "టేక్ యువర్ టైమ్," అని ఆయన కత్తెర కింద పెట్టాడు. పండగ అయ్యాక దేవుణ్ణి సాగనంపినట్టే, పద్మ కార్డులను బల్ల మీద కొంచెం ఉత్తరానికి జరిపి దణ్ణం పెట్టింది. ఉత్తరం ఎటో ఫోన్‌లో చూసి ధ్రువీకరించే బాధ్యత నేను నిర్వర్తించాను. ఆ తర్వాతే కోత జరిగింది.

కార్డు లేని ఇంట్లో, గడ్డకట్టే జనవరిలో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోతే ఏం చేయాలో మాత్రం ఏ చట్టంలోనూ...

ఇంటికి రాగానే మా అమ్మాయి, "సో, వుయ్ ఆర్ నాట్ మూవింగ్?" అని అడిగింది. ఎక్కడికీ వెళ్లడం లేదన్నాను. నోటీసు వచ్చినప్పుడు తీసి అట్టపెట్టెలో సర్దేసిన తన పెయింటింగులు మళ్లీ తగిలించుకోవడానికి అనుమతి కోరింది. గోడకు ఒక్క మేకు మంజూరు చేశాను.

సుత్తి చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆపమని ఆదేశాలు జారీ చేసే ఉద్దేశం నాకు లేదు.