పెద్దమ్మ భోషాణం, మూడు బళ్లు

ట్యూబింగెన్, సెప్టెంబరు 3

గౌరవనీయులైన త్సోలర్ గారికి,

మీ దుకాణంలో ఆ మూడు ఖరీదైన ఎస్‌యూవీలు చూసొచ్చినప్పటి నుంచి మావారు ఎబర్‌హార్ట్‌కి తిండి సయించడం లేదు. ఏది కొనాలో నన్ను తేల్చమన్నారు. నాకు రంగూ వేగమూ పట్టవు, వెనక సామాన్ల చోటే ముఖ్యం. మీ పుస్తకంలో దాన్ని లీటర్లలో ఇచ్చారు. పాలైతే సరే. నా సంగతి భోషాణం: పొడవు 128, వెడల్పు 70, గుండ్రటి మూతతో ఎత్తు 82 సెంటీమీటర్లు. ఏ బండిలో పడుతుందో, ఏ బండిలో పట్టదో దయచేసి తెలపండి.

భవదీయురాలు,
డా. రోస్‌విథా కీన్లె

తా.క. అది మా వాల్‌బుర్గా పెద్దమ్మది. అక్టోబరు పన్నెండున ఆవిడకు డెబ్భై అయిదు నిండుతాయి. ఆ రోజు అది ఇంటి ఆడపిల్లల్లో తర్వాతిదానికి, అంటే నాకు, రావాలి. సొంత బండిలోనే తెచ్చుకోవాలి. బండిలో పట్టకపోతే ఉన్నచోటే ఉండిపోతుంది. వద్దనడం మాత్రం మా వంశంలో ఎవరికీ చేతకాదు.

రాయిట్‌లింగెన్, సెప్టెంబరు 8

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

మీ కొలతలతో అట్టపెట్టె భోషాణం ఒకటి చేయించాను. వెండిరంగు బండిలో మూత అయిదు సెంటీమీటర్లు అడ్డం తగిలింది. నల్లదాంట్లో తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆకుపచ్చదాంట్లో మాత్రం కొత్తల్లుడిలా దర్జాగా కూర్చుంది! ఇక దిగులు మానండి.

మీ విధేయుడు,
గెబ్‌హార్ట్ త్సోలర్

తా.క. వెండిరంగు దాంట్లో 760 లీటర్లు పడతాయన్నది నిజమే. భోషాణాన్ని కరిగించి పోస్తే పడుతుంది.

ట్యూబింగెన్, సెప్టెంబరు 12

త్సోలర్ గారికి,

కృతజ్ఞతలు. ఆకుపచ్చ మా వీధికి నప్పదు. వెండిరంగు దానిలో భోషాణం పట్టదన్న మాట కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇవ్వగలరా? పెద్దమ్మ మనుషుల్ని నమ్మదు, ముద్రల్ని నమ్ముతుంది.

రోస్‌విథా కీన్లె

తా.క. నేను విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం చెబుతాను. ఈ ఉత్తరం ఎవరికీ చూపించకండి.

రాయిట్‌లింగెన్, గురువారం

డాక్టరమ్మగారికి,

మీ బాధ నాకు అర్థమైంది. తరాల భోషాణం చేజారిపోతోంది, పైకి చెప్పుకోలేకపోతున్నారు. నేను బతికుండగా అలా జరగనివ్వను! వెండిరంగు బండి అడుగుపలక ఊడదీయించాను. ఆరు సెంటీమీటర్లు కలిసొచ్చాయి! మీవారి దగ్గర పెద్దమ్మగారి అడ్రసు తీసుకున్నాను. ఆదివారం ఆ బండిలోనే వెళ్లి అసలు భోషాణాన్నే కొలుస్తాను.

మీ త్సోలర్

తా.క. ఉత్తరం మా ఆవిడకొక్కదానికే చూపించాను. పాపం, ఆవిడా ఏడ్చింది.

ట్యూబింగెన్, శుక్రవారం

అయ్యా, వెళ్లకండి!

ఫోన్ చేసే ధైర్యం లేక రాస్తున్నాను. నాకా భోషాణం వద్దు. మూడో అంతస్తులో రెండు గదులు మావి. అదొస్తే కిటికీ పక్కనున్న నా రాతబల్ల పోవాలి. పదిహేనేళ్లుగా అక్కడే కూర్చుని ఆలోచిస్తున్నాను. ఏమీ తేల్చలేదనుకోండి, అయినా ఆ చోటు కావాలి. వద్దంటే పెద్దమ్మ మనసు విరిగిపోతుంది. పట్టలేదంటే ఎవరి తప్పూ కాదు. ఇది అబద్ధమా, మర్యాదా? అదీ తేల్చుకోలేకున్నాను. ఆ పలక మళ్లీ బిగించెయ్యండి.

రోస్‌విథా

తా.క. గట్టిగా.

రాయిట్‌లింగెన్, సోమవారం

డాక్టరమ్మగారికి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. నిన్ననే వెళ్లొచ్చాను.

పెద్దమ్మగారు కాఫీ, ప్లమ్ పళ్ల కేకు పెట్టారు. టేపు తీసేసరికి నా చెయ్యి పట్టుకున్నారు. “ఏమయ్యా, ఇది పట్టని బండి నీ దగ్గర ఒక్కటీ లేదా? యాభై ఏళ్లుగా దీనిమీద కూర్చునే బూట్లు తొడుక్కుంటున్నా. ఇది పోతే ఒంటికాలి మీద గెంతమంటావా? పిల్లేమో ఆశపడుతోంది, ఇవ్వనని ఎలా చెప్పను? నువ్వే ఏదోటి చెయ్యి నాయనా!” అన్నారు.

వాకిట్లోనే పలక బిగించేశాను. ముద్ర వేసిన కాగితం ఇందులో ఉంది, ఇంకో ప్రతి ఆవిడకు పంపాను. పుట్టినరోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాసేపు బాధపడండి, చాలు. ఎబర్‌హార్ట్ గారు వచ్చి వెండిరంగు బండి తీసుకెళ్లొచ్చు.

మీ త్సోలర్

తా.క. భోషాణానికి బదులుగా పెద్దమ్మగారు మీకు ప్లమ్ జామ్ ఇస్తారట. నలభై సీసాలు. కొలిచి చూశాను. మూడు బళ్లలోనూ పడతాయి.