నూకాలమ్మ ముందున్న గొడ్డలి

బతు బస్తీ,
గురువారం.

చి. లహరికి అమ్మ దీవెనలు. ఇంట్లో అందరం బాగున్నాం. మామ్మకు మోకాళ్ళు, నాకు నడుము. అంతకుమించి చెప్పుకోవలసిందేమీ లేదు. నువ్వు తెలుగు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

టర్కీ కొండల్లో మీరు తవ్వుతున్న లబ్రాండా గుడి గురించి నువ్వు పంపింది రెండుసార్లు చదివాను. కింద ఊరి నుంచి గుడిదాకా రాళ్ళు పరిచిన దారి, చీలిన పెద్ద బండ, నీటి ఊట, ఏటా జాతర. ఆ ప్రాంతాన్నేలిన కారియా రాజులు కట్టించారు, తర్వాత మంటల్లో పోయింది, ఆ చోటే చర్చి లేచింది. అక్కడి జ్యూస్ దేవుడి చేతిలో రెండువైపులా పదునున్న గొడ్డలి ఉండేదనీ, అర్సెలిస్ అనే ఆయన దాన్ని పక్క రాజ్యం లిడియా నుంచి గెలిచి తెచ్చాడని చెప్పుకునేవారనీ రాశావు. మామ్మకు చదివితే, "మనలాటోళ్ళే" అంది.

ఇక నీ ప్రశ్నలు. మన నూకాలమ్మ ముందున్న గొడ్డలి పొడవు రెండడుగుల ఏడంగుళాలు, బరువు కిలోన్నర పైన. మీ తాతయ్య రమణయ్యగారు ఈ దీవికొచ్చి చాతం కలప మిల్లుకు దుంగలు పంపే అడవి పనిలో చేరినప్పుడు భీమిలి నుంచి ఓడలో గొడ్డలి తెచ్చుకున్నారు. పని మానిన రోజున అమ్మవారి ముందు పెట్టారు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, దీపం పెట్టి, తారీఖు నా పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇదంతా వ్యాసంలో పెడతానన్నావు.

పెట్టకు. ఈ మాట మోసి మోసి అలసిపోయాను. సునామీ వచ్చిన మూడోనాడు నేనొక్కదాన్నే గుడికి వెళ్ళాను. గోడలున్నాయి, గొడ్డలి లేదు. క్యాంపులో మామ్మ జ్వరంతో పడుకుని, "గొడ్డలుందా?" అని అడిగింది. ఉందన్నాను. మర్నాడు పాత ఇనుము కొనే గోవిందు దగ్గర్నుంచి ఇంకో గొడ్డలి తెచ్చి పసుపు పూశాను. ఆ వారం శుక్రవారం ఒక్కటే నా పుస్తకంలో ఖాళీ. మామ్మ ప్రతి శుక్రవారం ఆ పిడి పట్టుకుని పోయిన తాతయ్యతో మాట్లాడుతుంది. నీ వ్యాసం అచ్చయితే నా అబద్ధం చరిత్రయి కూర్చుంటుంది. అర్సెలిస్ గొడ్డలిని మాత్రం ఎవరు చూసొచ్చారులే అని సర్దుకోబోయాను, మనసొప్పలేదు.

కవరు అంటించేముందు ఇదంతా మామ్మకు చదివాను. లేచి కూర్చుని అంది:

"అంటే ఇన్నేళ్ళూ ఎవడి చెయ్యో పట్టుకుని ఏడిశానన్నమాట."

మళ్ళీ ఆవిడే అంది: "ఆడూ ఈ జంగల్లో చెట్లు కొట్టినోడే కదేటి. ఆడికీ ఓ ఇల్లాలుంటది. రేపు రెండు దీపాలెట్టు."

ఆ ఖాళీ తారీఖు దగ్గర జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాశాను. రాస్తే, రెండు గొడ్డళ్ళ గురించీ రాయి.

ఇట్లు,
మీ అమ్మ
కనకదుర్గ