మాట పోయాక వచ్చిన ఆదివారాలు

ప్రభువునందు ప్రియమైన మా చిన్నతల్లి సరళకు,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, గొడ్డూ గోదా ఉన్నచోటనే ఉన్నాము. కలకత్తాలో నువ్వు వేళకు తింటున్నావని, అక్కడి నీళ్ళు నీకు పడుతున్నాయని అనుకుంటున్నాము.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి నాన్నా, ఫోనులో మెసేజీ పెట్టరాదా అని అడిగావు. మాట ఉన్నరోజుల్లో గుట్టెక్కి, టవరు అందేచోట నిలబడి, నీతో అరగంట మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు గుట్టెక్కితే ఆయాసం వస్తోంది. ఎక్కినా, అటు నువ్వు 'నాన్నా, నాన్నా' అంటుంటే బదులివ్వలేక వింటూ నిలబడడం నావల్ల కావడం లేదు. పోయినసారి మీ అమ్మ ఫోను నా చెవి దగ్గర పట్టుకుని "వింటన్నారే, తలూపుతున్నారే" అని నీకు చెప్పింది చూడు, ఆ పూట ఇంటికొచ్చి ఇద్దరమూ అన్నం ముట్టలేదు. అందుకే ఉత్తరం. జీపు నడిపే ధర్మ దీన్ని పెదబయలు పోస్టాఫీసులో వేస్తానన్నాడు.

ఆపరేషనులో గొంతు దగ్గర పెట్టిన రంధ్రం శుభ్రంగా ఉంది. మీ అమ్మ రోజూ కాచిన నీళ్ళతో తుడిచి పలచటి గుడ్డ కడుతోంది. మొదట్లో నన్ను చూసి ఊళ్ళో చంటిపిల్లలు ఏడ్చేవారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. గొంతుకు ఆనించుకుంటే మాట వచ్చే యంత్రం విశాఖపట్నం ఆసుపత్రిలో ఒకసారి ఇచ్చి చూపించారు. రేకుల ఇంటిమీద వడగళ్ళు పడ్డట్టు వచ్చింది మాట. దానితో చర్చిలో వాక్యం చెప్పడం నాకు మనస్కరించలేదు. తిరిగి ఇచ్చేశాను. ఎందుకు ఇచ్చేశావని నువ్వు కోప్పడ్డావు. మీ అమ్మ కూడా కోప్పడింది. ఆ కోపం న్యాయమే.

మన కాఫీ తోట సంగతి అడిగావు. పళ్ళకు పురుగు పట్టింది. పురుగు వదిలేసినవాటిని వాన రాల్చేసింది. మిరియాలు మాత్రం పర్వాలేదు.

నువ్వు చదువుతున్న పుస్తకాల్లోంచి తెలుగు చేసి పంపిన కాగితాలు చదివాను. ఒకటికి రెండుసార్లు చదివాను. క్వేకర్లనే ఆ భక్తులు మూడువందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో పాస్టరు లేకుండా, పాట లేకుండా, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆచరణ కూడా లేకుండా ఊరికే కూర్చునేవారంటే మొదట నవ్వొచ్చింది. నా బతుకంతా మాటే కదా తల్లీ. ఈ కొండల్లో గొంతు ఒక్కటే పెట్టుబడిగా తిరిగిన పాస్టరును. ప్రతి మనిషి లోపలా దేవుడు పెట్టిన వెలుగు ఒకటి ఉంటుందని, నోరు మూసుకుని కూర్చుంటే అది కనిపిస్తుందని, అది పలికించినవాడే లేచి మాట్లాడాలని, అది ఆడదైనా సరే, కూలివాడైనా సరే అని వాళ్ళు పుస్తకాలు రాసి జైళ్ళకు వెళ్ళారంటే, పాపం వాళ్ళకు మంచి బోధకుడు దొరకలేదు కాబోలు అనుకున్నాను.

మీ అమ్మ ఆ కాగితాలను కూడబలుక్కుంటూ అరుగుమీద బుధు తాతకు చదివి వినిపించేది. ప్రార్థనలో ఒళ్ళు వణికేది కాబట్టి వాళ్ళకు క్వేకర్లు, అంటే వణికేవాళ్ళు, అనే పేరు వచ్చిందని చదివితే తాత, "మరి మా అమ్మోరు పూనితే వనికినోల్లని అయ్యగారు తప్పన్నారే!" అన్నాడు. నాకు మాట లేదు కాబట్టి ఆయన గెలిచాడు. రాజునైనా, జడ్జీనైనా వాళ్ళు 'నువ్వు' అనే పిలిచేవారన్న సంగతి ఆయనకు మరీ నచ్చింది. మన కొండవాళ్ళూ అంతే కదా, కలెక్టరునైనా నువ్వనే అంటారు. 'మీరు' అనడం నేర్పించినవాణ్ణి నేను.

ఇక అసలు సంగతి. ఆపరేషను అయి వచ్చాక సంఘంలో వాక్యం చెప్పేవాళ్ళు లేకపోయారు. సంఘపెద్ద సోంబరు బైబిలు చదువుతాడు గాని వివరించలేడు. పాటలు పాడి, కానుకలు పట్టి, తొందరగా ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. నేను ముందువరుస కుర్చీలో బొమ్మలా ఉండేవాణ్ణి. ఒక ఆదివారం నీ కాగితాలే గుర్తొచ్చి పలకమీద ఇలా రాశాను: 'ఈ రోజు కాసేపు మాట్లాడకుండా కూర్చుందాము. ఎవరికైనా లోపలినుంచి మాట వస్తే లేచి చెప్పండి.' సోంబరు దాన్ని పైకి చదివాడు. అందరూ నా ముఖం చూశారు.

ఏమీ జరగలేదు. దగ్గారు. ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేక కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పైన రేకులమీద పిచ్చుకలు నడిచిన చప్పుడు కూడా వినిపించింది. ఆ తర్వాతి వారం కొందరు రాలేదు, ఆ తర్వాత మరికొందరు. "అయ్యగారు ఏటి సేత్తన్నారో తెల్దు, కూకోబెట్టి పంపేత్తన్నారు" అని సంతలో అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. అయినా మానలేదు నేను. మానితే నాకిక అక్కడ పనేమీ ఉండదు.

ముత్యాలమ్మ నీకు గుర్తుందా? దిగువ వీధిలో ఉంటుంది, సామల్ని దంచడానికి మనింటికి వచ్చేది. నువ్వు కలకత్తా వెళ్ళాక, దాని పెద్దకూతురికి నొప్పులు మొదలై, వానకు బాట కొట్టుకుపోతే, డోలీ కట్టి మోసుకెళ్ళారు. తారురోడ్డు కనిపించే మలుపు దగ్గరే పిల్ల పోయింది. కడుపులో బిడ్డా పోయింది. పూడ్చిపెట్టిన రోజున నేను చాలాసేపు ప్రార్థన చేశాను. అప్పటికి గొంతు ఇంకా బాగానే ఉంది.

ఆ ముత్యాలమ్మ ఒక ఆదివారం లేచింది. లేచి, గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"అయ్యగారూ, ఒక మాట సెప్తాను, కోపపడకు. మా గుంట దారిలో సచ్చిపోనాది. మట్టి సేసిన దినం నువ్వు శానా ప్రార్థన సేసినావు. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకెల్లాడు అన్నావు. ఆ దినం నుండి నా లోపల దేవుడు లేడు. పాట పాడితే నోరు కదుపుతాను, అంతే. మరెందుకొత్తన్నావే అంటారేమో. ఇంటికాడ ఒక్కదాన్నీ కూకుంటే పిచ్చెక్కుతాది. ఇక్కడ మనుసులుంటారని వొత్తన్నాను."

అని కూర్చుంది.

సోంబరు ఒక్క ఉదుటున లేచాడు. "ఏటే ఆ మాటలు? సర్చిలో కూకుని దేవుడు లేడంటావా? అయ్యగారూ, బదులు రాయండి దీనికి. బేగి రాయండి!"

బదులు నాకు తెలుసు తల్లీ. యోబు నుంచి, కీర్తనల నుంచి వచనాలు చేతివేళ్ళదాకా వచ్చి నిలబడ్డాయి. మాట ఉండి ఉంటే ఆ రోజు దానిమీద పెద్ద ప్రసంగమే చేసేవాణ్ణి. అది తల వంచుకుని వినేది, 'ఆమేన్' కూడా అనేది, ఇంటికి వెళ్ళి ఒక్కతే కూర్చునేది. పలకమీద రెండు మాటలు రాసి, చేత్తో తుడిచేశాను. కుర్చీలోంచి లేచి, ఆడవాళ్ళ వైపు వెళ్ళి, దాని పక్కన చాపమీద కూర్చున్నాను.

పాస్టరు ఆడవాళ్ళ వైపు కూర్చోవడం మన సంఘంలో ఎవరూ చూడలేదు. మీ అమ్మ ఒక్కతే కాస్త జరిగి చోటిచ్చింది. ముత్యాలమ్మ ఏడవలేదు. కొంతసేపటికి బుధు తాత లేచి, తన ముసలి ఎద్దు చచ్చిపోయిన రోజు సంగతేదో చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకు తెలియదు, మధ్యలో మరిచిపోయి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

సోంబరు ఆ వారమే మైదానంలోని పెద్దసంఘం వాళ్ళ దగ్గరకు వెళ్ళాడు. అతణ్ణి తప్పుపట్టకు. మన చర్చికి రాళ్ళు మోసినవాడు. అది చెదిరిపోతుంటే అతనికి నిద్ర పట్టలేదు. వాళ్ళు మోహన్‌కృష్ణ అనే కుర్ర పాస్టరును పంపించారు. మంచివాడే. వస్తూ నాకు పళ్ళు తెచ్చాడు. మన అరుగుమీద కూర్చుని, నీ కాగితాలు చాలా శ్రద్ధగా తిరగేశాడు.

"మీ అమ్మాయిగారు బాగా రాశారండి. కానీ అయ్యగారూ, క్వేకర్లు మన సిద్ధాంతం కాదు కదండీ. వాక్యం లేకుండా మందను వదిలేస్తే ఎలాగండీ? ఒకావిడ చర్చిలోనే దేవుడు లేడని చెప్పిందంట."

'అది నిజం చెప్పింది' అని పలకమీద రాశాను.

"నిజమేనండి. కానీ అది విని మిగతావాళ్ళు ఏమైపోతారండీ?"

పలక తుడిచి ఒళ్ళో బోర్లించాను. ఏమైపోయారో నువ్వే వచ్చి చూడొచ్చు. అతను చర్చి తాళాలు అడిగాడు. మీ అమ్మ బొడ్డులోంచి తీసి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ మైకు ఉంది, కీబోర్డు ఉంది, జనం నిండుగా వస్తున్నారు. అతని గొంతు చాలా బాగుంటుంది. ఆదివారం మన అరుగుదాకా వినిపిస్తుంది. మొదటిసారి విన్నరోజున నాకు కలిగింది సంతోషం కాదు. దాన్ని ఏమంటారో నువ్వు ఊహించుకోగలవు.

మన వాకిట్లో, కాఫీ ఆరబోసే గచ్చుమీద, ముత్యాలమ్మ, బుధు తాత, మీ అమ్మ, ఎప్పుడైనా ఇంకొకరిద్దరు కూర్చుంటున్నాము. సంఘమని దాన్ని అనలేను.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్నను రెండుసార్లు దాటేశాను. 'ఆ నిశ్శబ్దంలో నీకేమి వినిపిస్తోంది నాన్నా' అని అడిగావు. నీ చదువుకు పనికొస్తుందని అడిగావో, నామీద ప్రేమతో అడిగావో తెలియదు. ఏమీ వినిపించడం లేదు. గాలి నా గొంతులోంచి వచ్చిపోయే చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రార్థన మొదలుపెడతాను, అది ఎవరి దగ్గరకూ వెళ్ళడం లేదని తెలుస్తుంది, మానేస్తాను. ఆ రోజు ముత్యాలమ్మ పక్కన కూర్చున్నది దాన్ని ఓదార్చడానికని ఊరు అనుకుంటోంది. దానికి తోడుగా వెళ్ళాను, అంతే. అది అన్నమాట నా మాట కూడా. గొంతు పోయిన నాటినుంచి అలాగే ఉంది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా.

నీ క్వేకరు భక్తుల్లో నేతపనివాడి భార్య ఒకావిడ గురించి రాశావు. తన చేతిరాత పుస్తకంలో 'ఈ రోజూ ఎండిపోయి కూర్చున్నాను' అని పేజీలకు పేజీలు రాసుకుందని, ఆమె పోయాక అచ్చు వేసిన పెద్దలు అవన్నీ తీసేసి వెలుగు కనిపించిన రోజుల్నే ఉంచారని. ఆ పెద్దలమీద నీకు కోపం. నాకు అంత కోపం లేదు. నేనైనా అలాగే తీసేసేవాణ్ణి. ఎన్ని సమాధుల దగ్గర అలాంటి మాటలు తీసేసి ప్రార్థన చేశానో.

ఇంకొక సంగతి. పోయిన నెల విశాఖపట్నం వెళ్ళింది రంధ్రం శుభ్రం చేయించుకోవడానికని మీ అమ్మ నీతో చెప్పింది. కాదు. స్కానింగు తీశారు. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు చెప్పింది మీ అమ్మకు సగమే అర్థమైంది. మిగతా సగం ఆమె అడగలేదు, నేను రాసి చూపించలేదు. మళ్ళీ మందులు ఎక్కించుకోనని చెప్పి వచ్చేశాను. ఆ ఆయాసం కొండ ఎక్కినందుకు వచ్చేది కాదు.

మొన్న ఆదివారం నేను మంచంమీదినుంచి లేవలేకపోయాను. వాన పడుతోంది. వాకిట్లో కూర్చోవడానికి లేక వాళ్ళు లోపలికే వచ్చి నా మంచం చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ప్రార్థన చేయలేదు. తాత గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ముత్యాలమ్మ నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ, "నీకూ లేడా అయ్యగారూ?" అని మెల్లగా అడిగింది. ఎలా తెలిసిందో దానికి. లేడని తల ఊపాను. మీ అమ్మ చూసింది. చూసి, నా చెయ్యి పట్టుకుంది. ఆవేళ కూడా నాకేమీ వినిపించలేదు. కానీ వాళ్ళు లేచి వెళ్ళిపోతారేమోనని చాలా భయమేసింది. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు.

చదువు మధ్యలో ఆపి రావద్దని, నీ పని నువ్వు చూసుకోమని, ఇక్కడ మేమున్నామని, తండ్రిగా నేను రాయవలసిన మాట అది. రాద్దామనే ఈ కాగితం తీసుకున్నాను. రాయలేకపోతున్నాను. నువ్వు రా తల్లీ. బేగి రా. నాకు ధైర్యం చెప్పడానికి ఏదైనా వాక్యం వెతికి తెచ్చుకోకు. వచ్చి నా పక్కన కూర్చో.

ఇట్లు,
నీ రాకకై చూసే
నాన్న