కొళాయి మూతికి గుడ్డ

మదనపల్లె.

కుప్పంలో ఉన్న నాయనకు,

వాషింగ్ మిషన్ బాగైంది. ఆదివారం నువ్వు వచ్చి విప్పి చూడనక్కర లేదు.

మిషన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయని చెప్పాను కదా. "నేనొచ్చినాకే చెడిపోయిండాది" అంటూ అవ్వ పెద్దపంజాణికి తిరిగి పోవడానికి సంచి సర్దుకుంది. నిన్న అమ్మ పైపు ఊడదీసింది. కొళాయి మూతికి మడతలు పెట్టిన చీర గుడ్డ కట్టి ఉంది. ఊళ్లో బిందె పట్టేటప్పుడు కట్టినట్టే, బోరు నీళ్ల ఇసుక మిషన్‌లోకి పోకుండా అవ్వే కట్టి, మీద పైపు బిగించింది.

అమ్మ ఆ గుడ్డను గబుక్కున కొంగులో దాచేసింది.

"అత్తా, పైపులో సున్నం పట్టిండాది. కడిగేస్తే సరిపాయ. ఇందులో నువ్వేం చేస్తివి?" అంది. ఆపైన ఒక కొత్త గుడ్డ అవ్వ చేతికిచ్చి, "తాగే నీళ్ల కొళాయికి ఇది కట్టత్తా, నీ మాదిరి కట్టేదానికి నాకు రాదు" అంది.

‘మన్నన’ అనే మాటకు మొన్న క్లాసులో అర్థం రాసుకున్నాను నాయనా. నిన్న అమ్మలో చూశాను.

అవ్వ ముందు పైపులో దొరికిన గుడ్డ మాట ఎత్తొద్దు. మాసిన చొక్కాలన్నీ తీసుకురా. మిషన్ స్విచ్ తానే వేస్తానంటోంది అవ్వ.

నీ కూతురు