నల్ల విండో

ఏలూరు, మంగళవారం రాత్రి

చేపల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే రైతుల ఫోన్లు మోగించే సైట్‌ని జాంగో అనే సాఫ్ట్‌వేర్‌తో రాసిచ్చాను. విండోస్ సర్వరే కావాలని మా ఓనరు పట్టుబట్టాడు. సరే, తెర మీద కనపడకుండా దానంతటదే నడిచే సర్వీసుగా పెడతానన్నాను.

"కనపడనిది నడుస్తోందని ఎలా నమ్మమంటారండీ?" అన్నాడు మహానుభావుడు.

ఆయన నమ్మకం కోసం ఆఫీసులోని ఆ సర్వర్ తెర మీద, సైట్‌ని నడిపే ఒక నల్ల విండో తెరిచి ఉంచాను. అది తెరిచి ఉన్నంతసేపే సైట్ నడుస్తుంది.

ఇవాళ కళ్ళారా చూశాను. ఇంటికెళ్తూ లైట్లు, ఫ్యాను ఆపి, ఆ విండోని కూడా మూసేశాడు. రోజూ అంతేనట! చెరువులో ఆక్సిజన్ పడిపోయేదే తెల్లవారుజామున.

నేను నోరు తెరిచేలోగా చేత్తో ఆగమని సైగ చేసి, ఫోన్లో భీమడోలు రైతుకి ధైర్యం చెబుతున్నాడు: "నిశ్చింతగా పడుకోండి. మన సైట్ పెట్టాక రాత్రిపూట ఒక్క అలారమైనా మోగిందా అండీ?"