రీలులో పన్నెండో ఫొటో

జహీరాబాద్, బుధవారం

అమ్మా,

నేను బాగున్నాను, ఫికర్ చెయ్యకు. ఫోన్లో అయితే సగంలోనే అరుస్తావని కార్డు రాస్తున్నాను. స్కూటీకని దాచిన డబ్బుతో పెద్ద రీలు పట్టే కెమెరా కొన్నాను. ఫొటోలు తీయడానికి ఊళ్లకు ఎప్పటిలాగే ఆటోలో పోతాను. పేరున్న కెమెరా కొంటే రీళ్లకు ఏమీ మిగలదు. అందుకే రెండు లెన్సుల పాత పెట్టె కెమెరా తీసుకున్నాను. దీన్ని కడుపు దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి. నేను తీసుకున్నదే సరైనది, ఎందుకో విను.

ఝరాసంగం జొన్న చేలో బస్వమ్మ అనే ముసలామె ఉంది. ఇదివరకు నా చిన్న కెమెరా కంటికి పెట్టుకుంటే చాలు, కొంగుతో ముఖం కప్పుకునేది. నిన్న కప్పుకోలేదు. "అందరు మొఖం మీదికే పెడ్తరు బిడ్డా. నువ్వు తల వంచినవ్, తీస్కో" అంది.

నాయన మోకాలికి తైలం రాస్తున్నావా? ఇక్కడ కందిపప్పు అయిపోయింది, రెండు కిలోలు కట్టి ఉంచు. ఆదివారం వస్తాను. చిన్నమ్మను అడిగానని చెప్పు.

రీలుకు పన్నెండే ఫొటోలు. పదకొండు తీసేశాను. మనింట్లో నీ ఫొటోలన్నిట్లో కొంగే ఉంది, ముఖం లేదు. పన్నెండోది నీ కోసం ఆపాను.

నీ అక్షత